ధనికుల మీద పన్ను పెంచాలా? వాదనకు ముందు వేసుకోవలసిన లెక్క

"కోటీశ్వరుల మీద పన్ను పెంచాలి" అనేవాళ్లూ, "వాళ్లు ఇప్పటికే నలభై శాతం కడుతున్నారు, ఇంకెంత పిండుతారు" అనేవాళ్లూ మాట్లాడేది చట్టంలో రాసి ఉన్న రేటు గురించే. రేటు ఒక్కటీ పట్టుకుంటే ఏమీ తేలదు. ఆ మనిషి సంపద ఏడాదిలో ఎంత పెరిగింది? అందులో చట్టం దేన్ని ఆదాయంగా లెక్కలోకి తీసుకుంది? దానిమీద చివరికి ఎంత పడింది? ఈ మూడూ విడివిడిగా తీస్తేనే ఎవరు ఎంత మోస్తున్నారో కనిపిస్తుంది. ఆ మూడూ తీసే పద్ధతి కింద ఇస్తున్నాం. అంకెలన్నీ 2025-26 ఆర్థిక సంవత్సరానివి. మనిషి భారతదేశ నివాసి, కొత్త పన్ను విధానంలో ఉన్నాడు, వయసు అరవై లోపు అనుకుందాం. కాగితం, కాలిక్యులేటర్ చాలు.

మా అభిప్రాయం ముందే చెప్పేస్తాం. బాగా డబ్బున్నవాళ్లు ఇప్పటికంటే ఎక్కువ కట్టాలి. కానీ ప్రభుత్వాలకు అలవాటైన పద్ధతిలో, అంటే సర్‌ఛార్జి (పన్ను మీద వేసే అదనపు పన్ను) పెంచుకుంటూ పోతే, ఆ భారం పడేది పెద్ద జీతగాళ్ల మీద. అసలు సంపద ఉన్నవాళ్లను అది పెద్దగా తాకదు.

మొదటి లెక్క: జీతం మీద

కొత్త విధానంలో 4 లక్షల వరకు పన్ను లేదు. అక్కడినుంచి 8 లక్షల వరకు 5 శాతం, 12 వరకు 10, 16 వరకు 15, 20 వరకు 20, 24 వరకు 25 శాతం. 24 లక్షలు దాటినదంతా 30 శాతం. ప్రతిసారీ ఇన్ని స్లాబులు వేయనక్కర్లేదు. 24 లక్షల దగ్గర పన్ను సరిగ్గా 3 లక్షలు అవుతుంది. కాబట్టి పెద్ద ఆదాయాలకు ఒకటే సూత్రం: 3 లక్షలు, దానికి 24 లక్షలు దాటిన మొత్తంలో 30 శాతం కలపాలి. జీతగాళ్లయితే 75 వేల స్టాండర్డ్ డిడక్షన్ తీసేశాక మిగిలినదాన్ని ఆదాయంగా పట్టుకోవాలి.

దానిమీద సర్‌ఛార్జి. ఆదాయం 50 లక్షలు దాటితే పన్ను మీద 10 శాతం, కోటి దాటితే 15, 2 కోట్లు దాటితే 25. పాత విధానంలో ఉన్నవాళ్లకు 5 కోట్లు దాటితే 37 శాతం. ఆ తర్వాత పన్నూ సర్‌ఛార్జీ కలిపినదాని మీద 4 శాతం సెస్సు. వరుస మారితే లెక్క తప్పుతుంది: ముందు పన్ను, తర్వాత సర్‌ఛార్జి, చివర సెస్సు.

ఇలా వేస్తే పన్ను పడే ఆదాయం మీద వచ్చే మొత్తాలు:

50 లక్షలు: 11,23,200, అంటే 22.5 శాతం
1 కోటి: 29,51,520, అంటే 29.5 శాతం
2 కోట్లు: 66,73,680, అంటే 33.4 శాతం
5 కోట్లు: 1,89,54,000, అంటే 37.9 శాతం
10 కోట్లు: 3,84,54,000, అంటే 38.5 శాతం

"నలభై శాతం" అనే మాట ఇక్కడినుంచే వస్తుంది. కొత్త విధానంలో పై రూపాయి మీద పడే గరిష్ఠ పన్ను 39 శాతం, పాత విధానంలో 42.74 శాతం.

సొంతంగా ఎక్సెల్ షీట్ తయారు చేసుకునేవాళ్లు ఎక్కువగా తప్పేది సర్‌ఛార్జి మెట్టు దాటే చోట. ఆదాయం 51 లక్షలనుకోండి. పన్ను 11,10,000, సర్‌ఛార్జి 1,11,000, కలిపి 12,21,000. కానీ 50 లక్షల దగ్గర పన్ను 10,80,000 మాత్రమే. అంటే లక్ష ఎక్కువ సంపాదించినందుకు 1,41,000 కట్టాలన్నమాట. ఇలా జరగకుండా చట్టంలో మార్జినల్ రిలీఫ్ ఉంది: అదనంగా పడే పన్ను అదనంగా వచ్చిన ఆదాయాన్ని మించకూడదు. కాబట్టి 10,80,000కు లక్ష కలిపి 11,80,000 దగ్గర ఆపాలి, 41,000 తగ్గించాలి. సెస్సు ఆ తర్వాత వేస్తారు కాబట్టి ఆఖరి మొత్తం 12,27,200. ఈ రిలీఫ్ సుమారు 51.61 లక్షల వరకు పనిచేస్తుంది, తర్వాత దానంతటదే మాయమవుతుంది. ఈ కాస్త మేరలో వచ్చిన ప్రతి రూపాయికీ సెస్సుతో కలిపి 1.04 రూపాయలు పోతాయి. సర్‌ఛార్జి అనేది స్లాబులా మెల్లగా ఎక్కదు, మెట్టులా ఒక్కసారి ఎక్కుతుంది. దాని నిర్మాణ లోపం ఇదే.

రెండో లెక్క: అదే 5 కోట్లు, వేరే రూపంలో

వాదనంతా తిరిగేది ఇక్కడే కాబట్టి ఈ లెక్క నిదానంగా వేయండి.

ఒకరికి 5 కోట్లు జీతంగా వచ్చాయి. పన్ను పైన చూశాం, 37.9 శాతం. ఇంకొకరు ఏడాదికి పైగా దాచుకున్న లిస్టెడ్ షేర్లు (స్టాక్ మార్కెట్లో నమోదైనవి) అమ్మితే 5 కోట్లు లాభం వచ్చింది, వేరే ఆదాయమేమీ లేదు. 2024 జులై 23 నుంచి ఈ లాభం మీద రేటు 12.5 శాతం. ఏడాదికి 1.25 లక్షల వరకు మినహాయింపు. వేరే ఆదాయం లేదు కాబట్టి వాడుకోని 4 లక్షల ప్రాథమిక పరిమితినీ ఇందులో సర్దుకోవచ్చు. మిగిలిన 4,94,75,000 మీద 12.5 శాతం అంటే 61,84,375. సర్‌ఛార్జి, సెస్సు కలిపితే సుమారు 73.97 లక్షలు. 5 కోట్ల మీద 14.8 శాతం.

ఇప్పుడు జీతగాళ్లలో ఎవరికి ఈ శాతం పడుతుందో వెతకండి. 30 లక్షల పన్ను పడే ఆదాయం ఉన్న సాఫ్ట్‌వేర్ ఉద్యోగి 4,99,200 కడతాడు, 16.6 శాతం. 26.5 లక్షల దగ్గర 14.7 శాతం. అంటే షేర్ల మీద 5 కోట్లు లాభపడినవాడి మీద పడే భారం, 27 లక్షలైనా లేని జీతగాడి భారానికి సమానం. ధనికుల పన్ను గురించి మాట్లాడేటప్పుడు మేం ముందు పెట్టే పోలిక ఇదే. దీనికి చట్టాన్ని ఎగ్గొట్టడం అవసరం లేదు. చట్టమే ఇలా ఉంది.

ఈ లెక్కలో రెండు చోట్ల తప్పులు దొర్లుతాయి. మొదటిది, ఆదాయం 2 కోట్లు దాటింది కదా అని షేర్ల లాభం మీద కూడా 25 శాతం సర్‌ఛార్జి వేస్తారు. మూలధన లాభాల్లో (ఆస్తి అమ్మితే వచ్చే లాభాల్లో) ఈ కోవకు వచ్చేవాటి మీదా, డివిడెండ్ల (కంపెనీ వాటాదారులకు పంచే లాభం) మీదా సర్‌ఛార్జి 15 శాతాన్ని మించదు. 25 శాతం పడాలంటే ఇవి తీసేశాక మిగిలిన ఆదాయమే 2 కోట్లు దాటాలి. రెండోది, ఆదాయం 12 లక్షల వరకు ఉన్నవాళ్లకు పన్ను మాఫీ చేసే రిబేటు ఉంది కదా అని దాన్ని షేర్ల లాభానికి కూడా వర్తింపజేస్తారు. ప్రత్యేక రేట్లు పడే ఆదాయానికి ఆ రిబేటు రాదు.

అవతలి వాదన కూడా న్యాయంగా వినాలి. కంపెనీ తన లాభం మీద ముందే పన్ను కట్టింది కదా, షేరు పెరిగింది ఆ పన్ను కట్టాక మిగిలినదాంతోనే కదా అంటారు. నిజమే. 22 శాతం రేటు ఎంచుకున్న కంపెనీకి సర్‌ఛార్జి, సెస్సుతో 25.17 శాతం పడుతుంది. మిగిలిన 74.83 రూపాయలు డివిడెండ్‌గా పంచితే, పై స్లాబులో ఉన్న వాటాదారుకు 35.88 శాతం, అంటే 26.85 రూపాయలు. రెండూ కలిపితే నూటికి 52 రూపాయలు. జీతగాడికంటే ఎక్కువ. అందుకే చాలామంది ప్రమోటర్లకు (కంపెనీని నడిపే ప్రధాన వాటాదారులకు) పెద్ద డివిడెండ్ తీసుకోవడం మీద ఆసక్తి ఉండదు. లాభాన్ని కంపెనీలోనే ఉంచుతారు, షేరు విలువ పెరుగుతుంది, అమ్మేదాకా పన్ను లేదు. ఎప్పుడో అమ్మినా సర్‌ఛార్జి, సెస్సుతో కలిపి 14.95 శాతమే.

ఆ 14.95 కూడా పడకుండా దారి ఉంది. సెక్షన్ 54ఎఫ్ కింద షేర్లు అమ్మిన డబ్బుతో ఇల్లు కొంటే లాభం మీద పన్ను ఉండదు. కొత్త విధానంలో ఉన్నా ఇది వర్తిస్తుంది. షరతులు: అమ్మిన తేదీకి ఒకటికి మించి ఇల్లు ఉండకూడదు. అమ్మడానికి ఏడాది ముందు గానీ, రెండేళ్ల లోపల గానీ కొనాలి, కట్టుకుంటే మూడేళ్లు. రిటర్ను గడువులోగా ఖర్చు కాని డబ్బును బ్యాంకులో క్యాపిటల్ గెయిన్స్ ఖాతాలో వేయాలి. పరిమితి 10 కోట్లు. ఇక్కడ చాలామంది దెబ్బతినేది ఒకే చోట: లాభం పెడితే చాలనుకుంటారు. 54ఎఫ్‌లో అమ్మగా వచ్చిన మొత్తమంతా పెట్టాలి. కోటికి కొన్న షేర్లు 5 కోట్లకు అమ్మి, లాభం 4 కోట్లే కదా అని 4 కోట్ల ఇల్లు కొంటే మినహాయింపు 3.2 కోట్లకే వస్తుంది, 80 లక్షలకు పన్ను పడుతుంది. 5 కోట్ల విల్లా కొంటే మొత్తం మాఫీ. పెద్ద ఇల్లు కొన్నవాడికి పెద్ద రాయితీ ఇవ్వడం ఏ గృహవసతి విధానమో మాకు అర్థం కాదు. ఆ 10 కోట్ల పరిమితి కూడా 2023 బడ్జెట్‌తోనే వచ్చింది, అంతకుముందు అదీ లేదు.

మూడో లెక్క: పొలం

తెలుగువాళ్ల సంపద సంగతి మాట్లాడుతూ భూమిని వదిలేస్తే లెక్క సగమే.

వ్యవసాయ ఆదాయం మీద పన్ను వేసే అధికారం కేంద్రానికి లేదు. రాజ్యాంగంలో అది రాష్ట్రాల జాబితాలో 46వ అంశం. 1972లో ఆర్థికవేత్త కె.ఎన్. రాజ్ కమిటీ వ్యవసాయ కమతాల మీద పన్ను వేయాలని సిఫారసు చేసింది, అది అమల్లోకి రాలేదు. అయితే "వ్యవసాయ ఆదాయం ఎంతున్నా రిటర్నులో చూపనక్కర్లేదు" అనుకోవడం తప్పు. అది 5 వేలు దాటి, వేరే ఆదాయం ప్రాథమిక పరిమితి దాటితే, రేటు నిర్ణయించడానికి రెంటినీ కలుపుతారు. ఉదాహరణకు సాగు మీద 5 కోట్లు, వేరే ఆదాయం 20 లక్షలు ఉన్నాయనుకోండి. 5 కోట్ల 20 లక్షల మీద పన్ను 1,51,80,000. 5 కోట్లకు 4 లక్షలు కలిపి దానిమీద 1,47,00,000. తేడా 4,80,000, సెస్సుతో 4,99,200. సాగు ఆదాయం లేకపోతే ఆ 20 లక్షల మీద 2,08,000 పడేది. అంటే కలపడం వల్ల పన్ను రెట్టింపుకు మించింది. అయినా మొత్తం రాబడిలో చూస్తే ఒక శాతం కూడా కాదు.

వ్యవసాయ ఆదాయం 5 లక్షలు దాటితే రిటర్నులో జిల్లా, పిన్‌కోడ్, ఎన్ని ఎకరాలు, సొంతమా కౌలా, నీటి వసతి ఉందా వర్షాధారమా అని నింపాలి. కోట్ల ఆదాయానికి ఆధారంగా చూపిన భూమి ఎన్ని ఎకరాలో ఈ గడిలోనే బయటపడుతుంది. ఎకరాకు రాబడి ఎంత చూపారో భాగించి చూడండి. ఆ ఊళ్లో ఆ పంటకు అంత రాదని తేలితే, అది వేరే డబ్బుకు వేసిన పచ్చరంగు అని అనుమానించవలసిందే. నిజంగా సాగు చేసే రైతుకు ఈ మినహాయింపు పోవాలని మేం అనడం లేదు. ఏడాదికి 50 లక్షలకు మించి వ్యవసాయ ఆదాయం చూపేవాళ్ల మీద పన్ను వేస్తే ఏ చిన్న రైతూ దాని దరిదాపుల్లోకి రాడు.

అమ్మకం సంగతి మరీ పెద్దది. గ్రామీణ వ్యవసాయ భూమి చట్టం దృష్టిలో మూలధన ఆస్తే కాదు, కాబట్టి ఎంతకు అమ్మినా లాభం మీద పన్ను లేదు. ఏది గ్రామీణం? భూమి మున్సిపాలిటీ హద్దుల్లో ఉండకూడదు. దగ్గరి మున్సిపాలిటీ జనాభా 10 వేలు దాటి లక్ష లోపు ఉంటే హద్దు నుంచి 2 కిలోమీటర్లు, లక్ష నుంచి 10 లక్షలైతే 6, ఆపైన 8 కిలోమీటర్లు దాటి ఉండాలి. జనాభాకు ఆధారం అచ్చయిన తాజా జనాభా లెక్కలు. దూరాన్ని రోడ్డు మీద కొలవకూడదు, గాలిమార్గంలో కొలవాలి. ఊరి రోడ్డు చుట్టుతిరిగి 9 కిలోమీటర్లు ఉన్నా నేరుగా కొలిస్తే 7 అయిందని తర్వాత నోటీసు వస్తుంది. కొలత మున్సిపల్ ఆఫీసు నుంచి కాదు, హద్దు నుంచి. నగరం చుట్టూ హద్దులు తరచూ మారతాయి కాబట్టి అమ్మిన తేదీన హద్దు ఎక్కడుందో చూపే ధ్రువపత్రం తహసీల్దారు దగ్గరో మున్సిపాలిటీ దగ్గరో ముందే తీసుకోవాలి. పొలాలు కొని అమ్మడమే పనిగా పెట్టుకున్నవాళ్లకు ఇది వర్తించదు, అది వ్యాపార ఆదాయం.

ఎకరం 3 కోట్ల చొప్పున 10 ఎకరాలు అమ్మారనుకోండి, పాతకాలపు కొనుగోలు ధర లెక్కకు రానంత చిన్నది. పైన చెప్పిన దూరానికి బయట ఉంటే 30 కోట్లకు పన్ను సున్నా. ఆ దూరం లోపలైతే సుమారు 4.48 కోట్లు. లోపలున్నా, రెండేళ్లు సాగు చేసి ఉండి, రెండేళ్లలో మళ్లీ పొలమే కొంటే సెక్షన్ 54బి కింద మినహాయింపు వస్తుంది. రైతు కష్టపడి పండించినందుకు వచ్చిన డబ్బు కాదిది. పక్కన రింగురోడ్డో, ఐటీ పార్కో వచ్చినందుకు పెరిగిన ధర. ప్రజల డబ్బుతో వేసిన రోడ్డు వల్ల పెరిగిన విలువలో ప్రజలకు కొంత భాగం తిరిగి రావాలని అడగడంలో అన్యాయం లేదు.

నాలుగో లెక్క: సంపదతో భాగించడం

ఇప్పటిదాకా చట్టం ఆదాయం అన్నదాన్నే చూశాం. ఇక సంపద. ఒకరికి 100 కోట్ల షేర్లున్నాయి. ఏడాదిలో 12 శాతం పెరిగాయి, 1 శాతం డివిడెండ్ వచ్చింది. అసలు రాబడి 13 కోట్లు. చట్టం చూసేది 1 కోటి డివిడెండే. దానిమీద పన్ను 29,51,520. 13 కోట్లలో అది 2.3 శాతం. ఖర్చులకు డబ్బు కావాలంటే షేర్లు తాకట్టు పెట్టి అప్పు తీసుకోవచ్చు. అప్పు ఆదాయం కాదు.

ఈ వాదనను అమెరికా నుంచి ఉన్నదున్నట్టు తెచ్చుకోకూడదు. అక్కడ మనిషి చనిపోతే వారసుల చేతిలో ఆస్తి కొన్న ధరను ఆనాటి మార్కెట్ విలువగా మార్చేస్తారు, జీవితకాలపు లాభం ఆదాయపు పన్ను నుంచి తప్పించుకుంటుంది. మన దగ్గర వారసత్వం మీద పన్ను లేకపోయినా, వారసుడికి పాత యజమాని కొన్న ధరే వర్తిస్తుంది. తండ్రి లక్షకు కొన్నది కొడుకు కోటికి అమ్మితే లాభం లక్ష నుంచే లెక్క. కాబట్టి ఇక్కడ పన్ను మాయం కాదు, వాయిదా పడుతుంది. అయితే ఆ వాయిదా ఎంతకాలమైనా సాగవచ్చు.

ఇంట్లో పంచుకోవడం కూడా చూడాలి. భర్త భార్యకు ఇచ్చిన ఆస్తి మీద ఆదాయం మళ్లీ భర్త లెక్కలోకే వస్తుంది. పద్దెనిమిదేళ్లు నిండిన పిల్లలకిస్తే రాదు, బంధువుల మధ్య బహుమతికి పన్నూ లేదు. కోటి ఆదాయం ఒకరి పేరున ఉంటే 29,51,520. ఇద్దరి పేరున చెరి 50 లక్షలైతే కలిపి 22,46,400. తేడా 7,05,120.

ఆదాయానికీ సంపదకూ ఉన్న నిష్పత్తిని నిజమైన మనుషుల విషయంలో మీరే చూడాలంటే అందరికీ అందుబాటులో ఉన్న పత్రం ఒకటుంది: ఎన్నికల అభ్యర్థుల అఫిడవిట్, ఫారం 26. ఎన్నికల సంఘం వెబ్‌సైట్‌లో నియోజకవర్గం, అభ్యర్థి పేరుతో దొరుకుతుంది. అందులో పాన్ పక్కన పట్టికలో గత ఐదేళ్ల రిటర్నుల్లో చూపిన ఆదాయం, తనది, జీవిత భాగస్వామిది, ఉమ్మడి కుటుంబానిది, తనమీద ఆధారపడినవాళ్లది విడివిడిగా ఉంటుంది. తర్వాత చరాస్తులు, స్థిరాస్తులు, అప్పులు. అందరి ఆదాయాలూ ఒక ఏడాదివి కలపండి. అందరి ఆస్తులూ ప్రస్తుత విలువ గడిలోనివి కలిపి, అప్పులు తీసేయండి. మొదటిదాన్ని రెండోదానితో భాగించండి. 200 కోట్ల నికర ఆస్తికి 60 లక్షల ఆదాయం కనిపిస్తే అది 0.3 శాతం. బ్యాంకు ఫిక్స్‌డ్ డిపాజిట్ అయినా దానికి ఎన్నో రెట్లు ఇస్తుంది.

ఇంత తక్కువ వచ్చిందంటే దొంగలెక్క అని వెంటనే తీర్మానించకండి. రిటర్నులోని మొత్తం ఆదాయంలో వ్యవసాయ ఆదాయంలాంటి మినహాయింపు ఆదాయాలు ఉండవు. ఖాళీ స్థలం విలువ పెరుగుతుంది గానీ ఆదాయం ఇవ్వదు. మరోవైపు, ఆస్తి విలువలు చాలాసార్లు ప్రభుత్వ రిజిస్ట్రేషన్ ధరతో వేసినవి, మార్కెట్ ధర అంతకంటే ఎక్కువ. లిస్టు కాని కంపెనీల షేర్లు ముఖవిలువకే చూపి ఉండవచ్చు. తమ కాళ్ల మీద తాము నిలబడ్డ పిల్లల ఆస్తులు అందులో ఉండనే ఉండవు. ఆ మేరకు మీకు వచ్చే నిష్పత్తి అసలు కంటే ఎక్కువగానే ఉండే అవకాశముంది.

ఏ ప్రతిపాదన వచ్చినా ఎలా పరీక్షించాలి

రేటు వినగానే పరిమితి ఎంతో అడగండి. 2024లో మన లోక్‌సభ ఎన్నికల సమయంలో, అమెరికాలో వారసత్వ పన్ను 55 శాతమని ప్రచారమైంది. ఆ ఏడాది అక్కడి కేంద్ర పన్ను గరిష్ఠ రేటు 40 శాతం, అదీ ఒక్కొక్కరికి 1.361 కోట్ల డాలర్లు దాటిన ఆస్తి మీదే. కొన్ని రాష్ట్రాలు విడిగా వేస్తాయి. విదేశీయులకు మాత్రం మినహాయింపు 60 వేల డాలర్లే. ఇక్కడినుంచి అమెరికా షేర్లు కొనేవాళ్లలో చాలామందికి ఈ సంగతి తెలియదు. భారత్, అమెరికాల మధ్య వారసత్వ పన్ను ఒప్పందం లేదు కాబట్టి వారసులకు నిజంగానే సమస్య అవుతుంది.

రెండో ప్రశ్న: దేన్ని మినహాయించారు? మన సంపద పన్ను చట్టం 1957లో బ్రిటిష్ ఆర్థికవేత్త నికొలస్ కాల్డార్ సిఫారసుల మీద వచ్చింది. 1993 నుంచి షేర్లను అందులోంచి తీసేశారు. మిగిలింది రెండో ఇల్లు, నగలు, కార్లు, పట్టణ స్థలాలు. 30 లక్షలు దాటినదాని మీద 1 శాతం. దేశం మొత్తం మీద 2013-14లో వసూలైంది 1,008 కోట్లు. 2015లో ఆర్థిక మంత్రి అరుణ్ జైట్లీ దాన్ని రద్దు చేసి, కోటి దాటిన ఆదాయాల మీద 2 శాతం అదనపు సర్‌ఛార్జి వేశారు, 9,000 కోట్లు వస్తాయని అంచనా. సంపద పన్ను పనిచేయదనడానికి ఈ చరిత్రను సాక్ష్యంగా చూపుతారు. ధనికుల సంపదలో పెద్దభాగమైన షేర్లనే వదిలేసిన పన్నుకు వసూళ్లు ఎలా వస్తాయి?

రేటు మరీ ఎక్కువైతే ఏమవుతుందో కూడా మనకు అనుభవమే. 1973-74లో 2 లక్షలు దాటిన ఆదాయం మీద సర్‌ఛార్జితో కలిపి 97.75 శాతం. ఎస్టేట్ డ్యూటీ (చనిపోయినవాళ్లు వదిలివెళ్లిన ఆస్తి మీద పన్ను) 20 లక్షలు దాటిన ఆస్తికి 85 శాతం దాకా ఉండేది. 1985లో అప్పటి ఆర్థిక మంత్రి వి.పి. సింగ్ రద్దు చేసేనాటికి దాని రాబడి ఏడాదికి సుమారు 20 కోట్లు. ఆ స్థాయి రేట్లను మేం సమర్థించడం లేదు. ఎగ్గొట్టే దారి వెతకడానికే అవి ప్రోత్సాహమిస్తాయి.

మూడో ప్రశ్న: కట్టడానికి నగదు ఎక్కడిది? 2024లో బ్రెజిల్ అధ్యక్షతన జీ20 ముందుకు ఆర్థికవేత్త గాబ్రియెల్ జుక్మాన్ ఒక పద్ధతి తెచ్చారు. వంద కోట్ల డాలర్లకు పైబడిన సంపద ఉన్నవాళ్లు అన్ని పన్నులూ కలిపి ఏటా సంపదలో కనీసం 2 శాతం కట్టాలి, తక్కువైతే తేడా చెల్లించాలి. 10,000 కోట్ల షేర్లున్న మనిషికి ఇది వేసి చూడండి. 1 శాతం డివిడెండ్ అంటే 100 కోట్లు. కట్టవలసింది మొత్తం 200 కోట్లు. మిగతా 100 కోట్లకు తన వాటాలో 1 శాతం అమ్మాలి. షేరు ఏటా 10, 12 శాతం పెరుగుతుంటే ఆ వాటా అమ్మినా సంపద తగ్గదు. మార్కెట్ పడిపోయిన ఏడాదిలో, లేదా లిస్టు కాని స్టార్టప్ వ్యవస్థాపకుడి విషయంలో ఇబ్బంది నిజమే. అక్కడ వాయిదాలు ఇవ్వడమో, నగదుకు బదులు షేర్లే తీసుకోవడమో చట్టంలో ముందే రాసుకోవాలి. లేకపోతే కోర్టుల్లో విలువ నిర్ణయం మీదే ఏళ్లు గడిచిపోతాయి.

నాలుగోది తెలుగు పాఠకులు తప్పక అడగవలసినది: వచ్చే డబ్బులో మన రాష్ట్రాలకు ఎంత? రాజ్యాంగం 270వ అధికరణ ప్రకారం సర్‌ఛార్జి, సెస్సులు రాష్ట్రాలతో పంచుకునే నిధిలో ఉండవు. 15వ ఆర్థిక సంఘం 2021-26 కాలానికి పంచే నిధిలో 41 శాతం రాష్ట్రాలకు ఇవ్వమంది. అందులో ఆంధ్రప్రదేశ్ వాటా 4.047 శాతం, తెలంగాణది 2.102 శాతం. 10 కోట్ల జీతగాడి పన్నును విడదీసి చూడండి. అసలు పన్ను 2,95,80,000, సర్‌ఛార్జి 73,95,000, సెస్సు 14,79,000. వసూలు ఖర్చులు పక్కన పెడితే, అసలు పన్నులోంచి ఆంధ్రప్రదేశ్‌కు సుమారు 4.91 లక్షలు, తెలంగాణకు 2.55 లక్షలు వస్తాయి. మిగతా 88,74,000 పూర్తిగా కేంద్రానిదే. 2 కోట్లు దాటిన ఆదాయం మీద 25 శాతం సర్‌ఛార్జికి బదులు పై స్లాబు రేటునే 37.5 శాతం చేస్తే, ఆ మనిషికి పై రూపాయి మీద పడేది ఇప్పటిలాగే సెస్సుతో 39 శాతం. కానీ 2 కోట్లు దాటిన 8 కోట్ల మీద ఆ అదనపు 7.5 శాతం, అంటే 60 లక్షలు, పంచే నిధిలోకి వచ్చి, అందులో 24.6 లక్షలు రాష్ట్రాలకు చేరతాయి. ఆంధ్రప్రదేశ్‌కు సుమారు లక్ష, తెలంగాణకు 52 వేలు, ఆ ఒక్కరి పన్నులోంచే.